రెండు పాత సైకిళ్లలో ఏది ఉంచుకోవాలి?

విద్యార్థి సంఘం వారు ఈ సంచికకు ఏదైనా పనికొచ్చే విషయం రాయమన్నారు. నాకు ఈ ఏడాది తలనొప్పి తెచ్చిపెట్టిన విషయం ఒకటే. అది సైకిళ్ల సంగతి. మెట్టుగూడలోని మా పాత పెంకుటిల్లు వదిలి ఫ్లాటులోకి మారేసరికి, మెట్ల కింద ఒక్క సైకిలుకే చోటు దొరికింది. నా దగ్గర ఉన్నవి రెండు. ఒకటి మా నాన్నగారు 1962లో కొన్న హెర్క్యులిస్. లాలాగూడ రైల్వే వర్క్‌షాపుకి ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆయన దాని మీదే వెళ్లారు. రెండోది ఇంగ్లండు ర్యాలీ. రైల్వే క్వార్టర్లు ఖాళీ చేసి వెళ్తున్న ఒక పెద్దమనిషి దగ్గర, నేను లెక్చరరుగా చేరిన కొత్తలో కొన్నది.

పాత ఉక్కు సైకిళ్లు ఇళ్లల్లో మూలన పడి ఉన్నవారు మన పూర్వ విద్యార్థుల్లో చాలామందే ఉంటారు. ఏది ఉంచాలి, ఏది పంపాలి అన్నది పేరు చూసో, ప్రేమ చూసో తేల్చేస్తుంటాం. దానికీ ఒక పద్ధతి ఉందని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు పుట్టుపూర్వోత్తరాలు. నాటింగ్‌హాంలో ర్యాలీ వీధిలో మొదలైన చిన్న కార్ఖానాను 1888లో ఫ్రాంక్ బౌడెన్ పెద్ద కంపెనీగా మార్చాడు. హెర్క్యులిస్ 1910లో బర్మింగ్‌హాంలో పుట్టింది. మన దేశంలో 1949లో మురుగప్ప కుటుంబమూ, ఇంగ్లండు ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ కంపెనీ కలిసి టి.ఐ. సైకిల్స్ పెట్టారు. 1951 నుంచి మద్రాసు పక్కన అంబత్తూరులో హెర్క్యులిస్ తయారయింది. 1960లో ఆ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ చేతిలోకే ర్యాలీ కూడా వచ్చింది. అంటే మా ఇంట్లో గోడకు ఆనించిన ఈ రెండూ ఒక విధంగా దాయాదులే! ఇంకో మాట. ర్యాలీ పేరు కనిపించగానే ఇంగ్లండుదని మురిసిపోకూడదు. బెంగాల్లోని ఆసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ కంపెనీ కూడా ఆ పేరుతో సైకిళ్లు చేసింది. నా ర్యాలీకి వెనక హబ్బు స్టర్మీ ఆర్చర్ వారి మూడు గేర్లది. ఆ హబ్బు మీద సంవత్సరం అంకెలు కొట్టి ఉంటాయి. నాదాని మీద 58 అని ఉంది. అయితే చక్రం మధ్యలో మార్చి ఉంటే ఆ అంకె హబ్బు వయసే చెబుతుంది గాని సైకిలు వయసు కాదు సుమా.

ఇక పరీక్షలు. మొదటిది ఫ్రేము. చక్రాలు, సీటు, చైను అన్నీ మార్చుకోవచ్చు. ఫ్రేము పోతే సైకిలు పోయినట్టే. ఈ పాత ఫ్రేముల్లో ఉక్కు గొట్టాలను లగ్గుల్లో దూర్చి, సందుల్లోకి ఇత్తడి కరిగించి అతికేవారు. ఇత్తడి ఉక్కు కంటే తక్కువ వేడికే కరుగుతుంది కనుక గొట్టం పాడవదు, అవసరమైతే అతుకు విప్పి మళ్లీ వేయవచ్చు. వంకర వస్తే వేడి చేయకుండానే సరిచేయవచ్చు. పాత ఉక్కు సైకిలు ఇన్నేళ్లు బతకడానికి రహస్యం ఇదే.

వంకర ఉందో లేదో చూడటానికి ఒక దారం చాలు. వెనక చక్రం విప్పి, ఇరుసు కూర్చునే ఒక గాడికి దారం కట్టి, ముందున్న తలగొట్టం చుట్టూ తిప్పి, రెండో గాడికి బిగుతుగా కట్టాలి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండు పక్కలా కొలవాలి. సమానంగా ఉంటే ఫ్రేము తిన్నగా ఉన్నట్టు. హెర్క్యులిస్‌కి సరిగ్గా వచ్చింది. ర్యాలీకి 2 మిల్లీమీటర్ల తేడా వచ్చింది; అది పెద్ద లెక్క కాదు. తర్వాత తలగొట్టం కింద, కిందికి దిగే గొట్టం అడుగున వేలితో తడమాలి. రంగు అలలా ముడతపడి తగిలితే ఎప్పుడో ముందు నుంచి గట్టిగా గుద్దుకున్నట్టు. రెండింటికీ ఆ జబ్బు లేదు.

రెండో పరీక్ష, విడిభాగాలు. రెండింటి టైరూ 28 × 1½. ఈ టైరు దొరకని సైకిలు షాపు మన వైపు అరుదు. కంపెనీలు పోయినా కొలతలు మిగులుతాయి. సేన్-ర్యాలీని 1980లో ప్రభుత్వం తీసుకుంది, తర్వాత అదీ మూతపడింది. అట్లాస్ వారి సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినం నాడే ఆగిపోయింది. అయినా ఆ సైకిళ్లకు టైర్లు దొరుకుతూనే ఉన్నాయి. చిక్కల్లా పెడళ్ల ఇరుసు కూర్చునే కప్పు దగ్గర వస్తుంది. మామూలు సైకిళ్లలో ఆ కప్పు మరకు అంగుళానికి 24 చుట్లు. ర్యాలీ తన ఫ్యాక్టరీలో 26 చుట్ల మర వాడుకుంది. చూడటానికి రెండూ ఒకటే. బజారు కప్పు పెట్టి బలవంతాన తిప్పితే రెండు చుట్లు ఎక్కుతుంది, ఆపైన ఫ్రేములోని మరనే కోసేస్తుంది. రాణిగంజ్ అంతా తిరిగినా 26 చుట్ల కప్పు నాకు దొరకలేదు. పాతదానికే గుండ్లు మార్చి, గ్రీజు పెట్టి నడుపుతున్నాను. ఈ పరీక్షలో హెర్క్యులిస్‌దే గెలుపు.

మూడోది, మన ఒళ్లు. సైకిలుకు అటూ ఇటూ కాళ్లు నేలకు ఆనించి నిలబడితే పై గొట్టానికీ మనకూ మధ్య కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండాలి. నాన్నగారు పొడగరి, ఆయనది 24 అంగుళాల ఫ్రేము. ర్యాలీది 22. నాకు సరిపోయేది ఇదే. పైగా గేర్లు. నా ర్యాలీకి ముందు పళ్లు 48, వెనక 18. మధ్య గేరులో పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు దాదాపు 5.9 మీటర్లు పోతుంది. మొదటి గేరులో అందులో మూడొంతులే, అంటే 4.4 మీటర్లు. మూడో గేరులో 7.9. అడిక్‌మెట్ ఎత్తు ఎక్కేటప్పుడు మోకాళ్లకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

లెక్క చూస్తే ఒకదానికి బజారు, ఒకదానికి నా ఒళ్లు ఓటు వేశాయి. నాన్నగారి వస్తువు గనుక మనసు హెర్క్యులిస్ వైపే లాగింది. అప్పుడు చిలకలగూడలో మా సైకిళ్లకు ఓవరాయిలింగ్ చేసే ఉస్తాదు ఒక మాటన్నాడు: "సార్, గీ హెర్క్యులిస్ యాడికి పోయినా బాగైతది. ర్యాలీని మాత్రం తెలిసినోడే ముట్టాలె."

ఆలోచిస్తే అదే అసలు కొలత అనిపించింది. ఏది మంచిది అన్నది ఒక ప్రశ్న, ఏది ఉంచుకోవాలి అన్నది వేరే ప్రశ్న. ర్యాలీ తెలియనివాడి చేతిలో పడితే ఎవరో ఒకరు బజారు కప్పు బిగిస్తారు. గేరు తీగ బిగువు తప్పితే రెండో గేరుకీ మూడోదానికీ మధ్య పెడలు ఒక్కసారిగా వట్టిగా తిరిగి మనిషి పడతాడు. హబ్బులో నూనె పోయకపోతే లోపలి కుక్కలు బిగుసుకుపోతాయి. ఆర్నెల్లలో అది పాత ఇనుప సామాను కొట్టుకు చేరుతుంది. హెర్క్యులిస్‌కి ఆ భయం లేదు. ఏ చెట్టు కింద మెకానిక్ అయినా దాన్ని నిలబెడతాడు. మన అవసరం ఉన్నదాన్ని మనం ఉంచుకోవాలి; ఎవరి చేతిలోనైనా బతకగలదాన్ని అవసరం ఉన్నవారికి ఇవ్వాలి.

మా అపార్టుమెంటు వాచ్‌మన్ గారి అబ్బాయి ఇంటరు చదువుతున్నాడు, మంచి పొడుగు. హెర్క్యులిస్ అతనికిచ్చాను. రాడ్ బ్రేకులు, స్టీలు రిమ్ములు కనుక వానలో కాస్త ముందే బ్రేకు పట్టాలనీ, ఫ్రీవీల్‌లో అప్పుడప్పుడు రెండు చుక్కల నూనె వేయాలనీ చెప్పాను. క్యారియరు మీద నాన్నగారు టిఫిన్ క్యారియరు కోసం బిగించుకున్న చెక్క ఇంకా ఉంది. "ఇది తీసేయాల్నా అంకుల్? పుస్తకాలకైతే మంచిగనే ఉంది" అన్నాడు. ఉంచుకోమన్నాను.