కంప్యూటరులో నిల్వ స్థలం నిండిపోవడం

కంప్యూటరులోని హార్డు డిస్కులో గాని, ఎస్‌ఎస్‌డిలో గాని కొత్త సమాచారాన్ని రాయడానికి చోటు మిగలని స్థితిని నిల్వ స్థలం నిండిపోవడం అంటారు. వాడుకలో దీనిని "డిస్కు ఫుల్" అని వ్యవహరిస్తారు. ఈ స్థితిలో ఫైళ్ళు సేవ్ కావు, అప్‌డేట్లు మధ్యలో ఆగిపోతాయి, కంప్యూటరు నెమ్మదిస్తుంది. చోటు చాలకపోవడం సరిదిద్దగలిగిన సమస్యే. కాని తొందరపాటులో తొలగించిన ఏకైక ప్రతి తిరిగి రాకపోవచ్చును. కనుక ఏది ఎంత స్థలాన్ని ఆక్రమించినదో తెలుసుకొన్న తరువాతనే తొలగింపు మొదలుపెట్టాలి.

కొలతలు

నిల్వ స్థలాన్ని బైట్లలో కొలుస్తారు. యూనికోడ్‌లోని యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. ఉదాహరణకు శ్రీ సత్యసాయి జిల్లాలోని "తనకల్లు" అనే ఊరి పేరులో త, న, క, ల, పొల్లు, ల, కొమ్ము అనే 7 సంకేతాలున్నాయి. కాబట్టి ఈ పేరుకు 21 బైట్లు కావాలి. పేజీకి 1,500 సంకేతాల చొప్పున 300 పేజీల తెలుగు పుస్తకాన్ని టైపు చేస్తే సుమారు 13.5 లక్షల బైట్లు, అనగా 1.3 మెగాబైట్లు మాత్రమే అవుతుంది. ఫోనుతో తీసిన ఒక్క ఫొటో ఇంతకంటే ఎక్కువ చోటు తీసుకోవచ్చును. అదే పుస్తకాన్ని స్కాన్ చేస్తే ప్రతి పేజీ ఒక బొమ్మ అవుతుంది కనుక పరిమాణం అనేక రెట్లు పెరుగుతుంది. అందువలన చోటు కోసం ఉత్తరాలను, వ్యాసాలను తొలగించడం వలన ప్రయోజనం దాదాపు ఉండదు.

1 టెరాబైటు డిస్కు కొన్నవారికి విండోస్‌లో సుమారు 931 జీబీ మాత్రమే కనిపిస్తుంది. తయారీదారులు టెరాబైటును లక్ష కోట్ల బైట్లుగా లెక్కిస్తే, విండోస్ 1,024 గుణిజాలలో లెక్కిస్తుంది. ఈ తేడా డిస్కులోని లోపం కాదు.

ముఖ్య కారణాలు

* వీడియోలు, ఫొటోలు, ఫోను నుండి ఎక్కించిన పాత బ్యాకప్‌లు.
* ఖాళీ చేయని రీసైకిల్ బిన్. అందులో ఉన్నంత కాలం ఫైళ్ళు డిస్కుపై చోటు ఆక్రమిస్తూనే ఉంటాయి.
* తాత్కాలిక ఫైళ్ళు, అప్‌డేట్ల అవశేషాలు, పాత విండోస్ ప్రతి.
* హైబర్నేషన్ ఫైలు, సిస్టమ్ రిస్టోర్ ప్రతులు. ఇవి సాధారణంగా కంటికి కనిపించవు.
* డిస్కు విభజన. "సి" డ్రైవును చిన్నదిగా ఏర్పరచినప్పుడు "డి" డ్రైవు ఖాళీగా ఉన్నా "సి" నిండిపోతుంది.

పరిష్కార క్రమం

1. విండోస్ 10, 11లలో సెట్టింగ్స్‌లోని సిస్టమ్, అందులోని స్టోరేజ్ భాగాన్ని తెరిస్తే ఏ రకం ఫైళ్ళు ఎంత చోటు తీసుకున్నాయో తెలుస్తుంది. లినక్స్‌లో "డీఎఫ్" ఆదేశం డ్రైవుల స్థితిని, "డీయూ" ఆదేశం ఫోల్డర్ల పరిమాణాన్ని చూపుతాయి.
2. ముఖ్యమైన ఫైళ్ళను బయటి డిస్కుకు కాపీ చేసి, అక్కడి నుండి తెరిచి చూడాలి. తెరిచి చూడని కాపీని నమ్మరాదు.
3. తాత్కాలిక ఫైళ్ళను స్టోరేజ్ భాగం ద్వారానే తొలగించాలి. ఆ జాబితాలో "డౌన్‌లోడ్స్" కూడా కనిపిస్తుంది. దానికి టిక్కు పెడితే ఆ ఫోల్డరులో దాచుకొన్న హాల్ టికెట్లు, ధ్రువపత్రాలు కూడా పోతాయి.
4. పెద్ద వీడియోలను వేరే డ్రైవుకు తరలించాలి. వాడని ప్రోగ్రాములను అన్‌ఇన్‌స్టాల్ చేయాలి.
5. రీసైకిల్ బిన్‌ను ఒకసారి పరిశీలించి, చివరగా ఖాళీ చేయాలి.

జాగ్రత్తలు

విండోస్ ఫోల్డరులోని ఫైళ్ళను చేతితో తొలగించరాదు. షిఫ్టు నొక్కి తొలగించిన ఫైళ్ళు, సాధారణంగా పెన్ డ్రైవు నుండి తొలగించినవి కూడా రీసైకిల్ బిన్‌లోకి చేరవు. ఎస్‌ఎస్‌డిలో తొలగించిన సమాచారాన్ని తిరిగి రాబట్టడం చాలా వరకు అసాధ్యం. క్లౌడ్‌తో అనుసంధానమైన ఫోల్డరులో ఒక ఫైలును తొలగిస్తే అది క్లౌడ్ నుండి కూడా తొలగిపోతుంది. ధర్మవరంలో పట్టుచీర అంచు నమూనాను కంప్యూటరుపై గీసిన కళాకారునికి అటువంటి ఒక్క ఫైలు అనేక దినాల శ్రమ కావచ్చును. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు, ఫైళ్ళు కాపీ అయ్యే వరకు ఫార్మాట్ చేయవద్దని స్పష్టంగా చెప్పాలి.

ఇంటర్నెట్ చూస్తుండగా "మీ డిస్కు నిండినది, ఈ క్లీనర్‌ను దించుకోండి" అంటూ వచ్చే ప్రకటనలు సాధారణంగా మోసపూరితమైనవి.

చోటు ఉన్నా వచ్చే ఇబ్బందులు

ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్ డ్రైవు ఖాళీగా ఉన్నా, 4 జీబీ లేదా అంతకు మించిన ఒక్క ఫైలును స్వీకరించదు. లినక్స్‌లో ప్రతి ఫైలుకు ఒక ఐనోడ్ అవసరం. చిన్న ఫైళ్ళు లక్షలలో చేరి ఐనోడ్లు అయిపోతే, బైట్లు మిగిలినా డిస్కు నిండినట్లే సందేశం వస్తుంది. ఎక్కువ సామర్థ్యం ఉన్నట్లు చూపే నకిలీ పెన్ డ్రైవులలో అసలు సామర్థ్యానికి మించి రాసిన సమాచారం పాడైపోతుంది.

ఫైళ్ళ సంఖ్య వలన వచ్చే ఇబ్బందికి అంగారకునిపై కూడా ఉదాహరణ ఉన్నది. 2004 జనవరిలో అక్కడ దిగిన నాసా వాహనం స్పిరిట్, అదే నెల 21న భూమితో సక్రమంగా సంభాషించడం మాని, పదే పదే రీస్టార్ట్ కాసాగింది. ఫ్లాష్ మెమరీలో ఫైళ్ళు పేరుకుపోయి, వాటి పట్టికను నిర్వహించడానికి కావలసిన ర్యామ్ చాలకపోవడమే కారణమని ఇంజనీర్లు గుర్తించారు. ఫ్లాష్‌ను వాడకుండానే ప్రారంభమయ్యేటట్లు ఆదేశాలు పంపి, అనవసరమైన ఫైళ్ళను తొలగించి, తరువాత ఫ్లాష్‌ను ఫార్మాట్ చేశారు. కోలుకొన్న ఆ వాహనం 2010 మార్చి వరకు భూమికి సందేశాలు పంపినది.

నివారణ

సిస్టమ్ డ్రైవులో కనీసం పదో వంతు ఖాళీగా ఉంచడం మంచిది. విండోస్‌లోని స్టోరేజ్ సెన్స్ సౌకర్యం తాత్కాలిక ఫైళ్ళను నిర్ణీత కాలానికి తొలగిస్తుంది. ఫొటోలు, భూమి పత్రాల స్కాన్‌లు, విద్యా ధ్రువపత్రాలు వంటి వాటికి కనీసం రెండు ప్రతులు వేర్వేరు చోట్ల ఉండాలి. ఒకే డిస్కులోని రెండు ఫోల్డర్లలో ఉన్నవి రెండు ప్రతులుగా లెక్కకు రావు, ఎందుకనగా డిస్కు చెడిపోతే రెండూ ఒకేసారి పోతాయి.