కల్పిత గ్రహములు - వాని నామముల పుట్టుక

గత వేసవి సెలవులలో మా మనుమడు పట్టణమునుండి వచ్చి మా యింట నెల దినములుండెను. పదునెనిమిదేండ్లవాడు. పేరు వంశీకృష్ణ, ఇంటిలో వంశి యని పిలుతుము. పగలెల్ల నొక తెఱ యెదుట గూర్చుండి, మీటలు గల చిన్న పెట్టె నొకదానిని రెండు చేతులతో బట్టుకొని, ఎవరితోడను మాటాడక ఆడుచుండెడివాడు. ముప్పదియైదేండ్లు బడిలో పాఠము చెప్పిన నోరు గనుక ఊరకుండజాలక రెండు మూడు మారులు మందలించితిని. వాడు బదులు చెప్పలేదు. ఒకనాటి సాయంకాలము తానే నన్ను బిలిచి, "తాతయ్యా! ఇందులో నా పేరు గల నక్షత్రమొకటి యున్నది. ఇది మన పేరేనా?" యని యడిగెను. చూచితిని. నల్లని ఆకాశపటముమీద ఆంగ్లలిపిలో 'వంశి' యని స్పష్టముగా వ్రాసియున్నది.

ఆ ప్రశ్నకు నేను వెంటనే ఉత్తరము చెప్పలేకపోతిని. చదువుకొన్నవాడనను అభిమానమొకటి, మనుమడు మొదటిసారి నన్నొక మాట యడిగెనను సంతోషమొకటి, రెండును గలిసి నన్ను పదునైదు దినములు నిలువనీయలేదు. ఆంగ్లము బోధించి విశ్రమించిన నా మిత్రుని సాయముగొని, ఆ పటమునందలి పేరులను వెదకితిని. అట్లు దొరకినదానినే నేడు శ్రోతలకు మనవి చేయుచున్నాను.

ముందు ఆటను గూర్చి కొంచెము చెప్పవలెను. తోలుబొమ్మలాటలో తెఱవెనుక నొకడు బొమ్మల నాడించును. మనము తెఱముందు గూర్చుండి చూతుము. ఈ వీడియో ఆటలో చూచువాడే ఆడించువాడు. కథ ముందే కట్టబడియుండును గాని, నాయకుడు శత్రువును చంపవలెనా విడువవలెనా, ఈ దారిని బోవలెనా ఆ దారిని బోవలెనా యనునది ఆడువాని చేతిలోనుండును. మా మనుమడాడిన యాట పేరు మాస్ ఎఫెక్టు. కెనడా దేశమున ఎడ్మంటన్ నగరమునందలి బయోవేర్ అను సంస్థవారు దీనిని నిర్మించిరి. మొదటి భాగము 2007లో, రెండవది 2010లో, మూడవది 2012లో వెలువడినవి. కథ క్రీ. శ. 2183వ సంవత్సరమున జరిగినట్లు మొదలగును. అప్పటికి మనుష్యులు భూమిని విడిచి, అన్య నక్షత్రముల చుట్టు దిరుగు గ్రహములమీద కాపురములు పెట్టుకొనిరట. షెపర్డు అను సేనాని నార్మండీ యను నౌకనెక్కి లోకమునుండి లోకమునకు బోవుచుండును. పోవుటకు పటము గావలెను గదా! మన చిరునామాలో మండలము, ఊరు, ఇల్లు ఉన్నట్లు, ఆ పటమున ముందు నక్షత్రముల గుంపు, గుంపులో ఒక్కొక్క నక్షత్రము, దాని చుట్టు గ్రహములు వరుసగా నుండును. వానిలో పెక్కు కల్పితములు. కల్పితములైనను పేరు పెట్టినవాడు మనుష్యుడే గనుక, ఎక్కడనుండియో తెచ్చి పెట్టియుండవలెను.

పదముల విషయమున మన పెద్దలు చేసిన విభాగము మీలో పలువురెఱిగినదే. అవయవముల యర్థమే పదమున కర్థమైనచో యౌగికము, వండువాడు పాచకుడు. అవయవార్థమును విడిచి వ్యవహారముచేతనే నిలిచినది రూఢము. మండపమను మాటను విడదీసినచో గంజి త్రాగువాడని వచ్చును గాని, పెండ్లి మండపమునకు బోవు వాడెవడును గంజిని తలపడు. రెండును గలిసినది యోగరూఢము. బురదలో పుట్టునవి యెన్ని యున్నను పంకజమన తామరయే. మన గ్రహనామములు చాలవఱకు అర్థముతో గూడినవి. శనైశ్చరుడనగా మెల్లగా నడచువాడు; సూర్యుని నొకసారి చుట్టివచ్చుటకు శనికి ఇంచుమించు 29½ ఏండ్లు పట్టును గనుక ఆ పేరు తగియున్నది. అంగారకుడు నిప్పుకణమువలె ఎఱ్ఱగా గనబడును.

ఇక ఒక శబ్దమునకు పెక్కర్థములు తోచినపుడు ఏది గ్రహింపవలెనో తేల్చుటకు భర్తృహరి వాక్యపదీయమున కొన్ని సాధనములు చెప్పెను. వానిలో సాహచర్యమొకటి. రాముడన్నచో పరశురాముడా, బలరాముడా, దశరథుని కుమారుడా యను సందియము గలుగును. రామలక్ష్మణులన్నచో సందియము దీరును. ప్రక్కవానిని బట్టి వీనిని పోల్చుకొంటిమి. ఈ యాటలోని పేరులను విప్పుటకు నాకు దొరకిన తాళపుచెవి యిదియే.

సులభమైనవానిని ముందు చూతము. వాయేజర్ అను గుంపులో కొలంబియా యను నక్షత్రమున్నది. ఒంటిగా విన్నచో, కల్పనా చావ్లా ప్రాణములు గోల్పోయిన, 2003లో కూలిన వ్యోమనౌక జ్ఞప్తికి వచ్చును. దాని తోడివారెవరనగా అమెజాన్, యాంగ్‌ట్సీ. రెండును మహానదులు. కనుక ఈ కొలంబియా యును ఉత్తరామెరికాలో బారు నదియే కావలెను. మరూన్ సముద్రమను గుంపులో వోస్తోక్ అను నక్షత్రము గలదు. 1961లో గగారిన్ ఎక్కిన నౌక పేరును వోస్తోకే. కాని ప్రక్కనున్నవి కాస్పియన్, మతానో. కాస్పియన్ అందఱెఱిగిన, నలువైపుల నేల చుట్టియున్న సముద్రము. మతానో ఇండోనేసియాలోని సులవేసి ద్వీపమున నున్న లోతైన సరస్సు. అట్లగుటచే ఈ వోస్తోక్ నౌక గాదు. అంటార్కిటికా ఖండమున దాదాపు నాలుగు కిలోమీటర్ల మందముగల మంచు క్రింద దాగియున్న సరస్సు. ఇట్లే యొక గుంపులో ఏథెన్సు, స్పార్టా, మాసిడన్, నాసస్. మఱియొకదానిలో హాన్, మింగ్ అను చైనా రాజవంశములు. ఇవి పటము చూచినవాడెవడైనను చెప్పగలడు.

గుంపుల పేరుల చివర గామా, టౌ, సిగ్మా యను గ్రీకు అక్షరములు కొన్ని తగిలించియున్నవి. నక్షత్రములకు గ్రీకు అక్షరములనిచ్చు పద్ధతిని జర్మనీవాడైన బాయర్ 1603లో తన నక్షత్రపటములలో నెలకొల్పెను. అదియే అనుకరణము.

మమ్ము చాల దినములు తిప్పినది హేడీస్ గామా యను గుంపు. హేడీస్ అనగా గ్రీకుల పాతాళము. ఆ లోకాధిపతి పేరును అదియే. ఈ గుంపులో ఐదు నక్షత్రములు: ఆంటియస్, కేకస్, డిస్, ప్లూటస్, ఫారినాటా. నా మిత్రుడు మొదటి నాలుగింటికి గ్రీకు, రోమను పురాణములు తీసి చూపెను. ఆంటియస్ భూదేవి కుమారుడు. పాదములు నేలను తాకియున్నంతవఱకు వానిని గెలుచుట యెవరితరము గాదు. హెర్క్యులీసు వానిని పైకెత్తి పట్టుకొని చంపెను. కేకస్ ఆ హెర్క్యులీసు పశువులను దొంగిలించి ప్రాణము పోగొట్టుకొన్నవాడు. డిస్ రోమనుల యమధర్మరాజు. ప్లూటస్ ధనదేవత, మన కుబేరుని వంటివాడు. నాలుగును కుదిరినవి. ఫారినాటా మాత్రము ఏ పురాణమునను లేడు.

అతడు పురాణపురుషుడు గాడు. ఇటలీలో ఫ్లారెన్సు నగరమున 1264లో మరణించిన యొక నాయకుడు. ఫ్లారెన్సువాడు పాతాళములోని కెట్లు వచ్చెను? ఆ నగరమునందే పుట్టి, 1321లో పరలోకగతుడైన దాంతే మహాకవి నరకయాత్ర నొకదానిని కావ్యముగా రచించెను. అందు ఫారినాటా మండుచున్న గోరీలోనుండి నడుమువఱకు లేచి నిలువబడి, నరకమునే లక్ష్యపెట్టనివానివలె కవితో మాటాడును. ఆ కావ్యముననే ఆంటియస్ యాత్రికులను తన చేతులతో నెత్తి అధమాధమ నరకమున దింపును. కేకస్ దొంగలుండు చోట గనబడును. డిస్ ఒక దుర్గము పేరుగా వచ్చును. ప్లూటస్ లోభుల నరకమునకు కావలి. ఐదుగురు నొక్కచోట గూడుట ఆ కావ్యమునందే. నాలుగు పేరులకు పురాణము చాలుననుకొని అక్కడనే నిలిచియున్నచో తప్పు పోయియుందుము. కుదురని యొక్క పేరే మమ్ము అసలు ఇంటికి జేర్చినది. ప్రతిపదార్థము చెప్పునపుడు కుదురని పదమును దాటిపోవు విద్యార్థులను నేనెందఱినో చూచితిని.

గ్రహములకు వచ్చునప్పటికి కథ మాఱును. ఆంటియస్ చుట్టు దిరుగునది ట్రెబిన్. డిస్ చుట్టు దిరుగునది క్లెన్సాల్. ప్లూటస్ చుట్టు నానుయెల్. ఇవి డిత్థ డవిత్థాదులు. చెవికి కొత్తగా నుండుటయే వీని ప్రయోజనము. నిర్మాతలు వందలకొలది గోళములకు పేరులు పెట్టవలసివచ్చినపుడు నక్షత్రముల దగ్గఱ గ్రంథములు తిరుగవేసి, గ్రహముల దగ్గఱ అలసిపోయిరని నా యూహ. అది లోపమని నేననను. పదిమంది పిల్లల తండ్రి పెద్దవానికి తాత పేరు పెట్టి, కడపటివానికి చిన్నవాడని పిలిచి యూరకుండును గదా!

అయినను, కథ జరుగు ముఖ్య గ్రహములకు వారు శ్రద్ధ చేసిరి. ఆట మొదట వచ్చు గ్రహము ఈడెన్ ప్రైమ్. బైబిలున ఆదిదంపతులుండి వెడలగొట్టబడిన తోట ఈడెన్. ఆటలో అది సేద్యము చేసికొను ప్రశాంతమైన యూరు. నాయకుడు దిగునాటికే యంత్రసైనికులు దానిని తగులబెట్టియుందురు. ఆ గ్రహమునకు సూర్యుని వంటిది యుటోపియా. 1516లో థామస్ మోర్ అను ఆంగ్లేయుడు ఆదర్శరాజ్యమొకదానిని వర్ణించి దానికి కల్పించిన పేరది. గ్రీకు భాషలో 'లేని చోటు' అని దాని యర్థము. తోట పేరు పెట్టి, లేనిచోట నాటిరి. అది నిలువదని పేరే చెప్పుచున్నది. దీనినే మన ఆలంకారికులు ధ్వని యందురు.

నాకు మిక్కిలి నచ్చినది రెండవ భాగములోని ఏయియా. గ్రీకుల మహాకవి హోమరు ఒడిస్సీ కావ్యమున ఐయాయా యను ద్వీపమొకటి గలదు. అచట సిర్సీ యను మంత్రగత్తె యాత్రికులకు మందు గలిపిన భోజనము పెట్టి, వారిని పందులుగా మార్చును. ఆటలోని ఏయియా గ్రహముపై ఒక నౌక కూలిపోయి పదేండ్లయినది. అచటి కాయగూరలు దినిన వారి బుద్ధి క్రమముగా నశించి పశుప్రాయులైరి. నౌకలోని మంచి తిండిని కొందఱు అధికారులు తమకు దాచుకొని, తక్కినవారిని బానిసలుగా నేలుకొనిరి. పురాణములో మంత్రము చేసిన పనిని ఇందు ఆహారమే చేసెను. సిర్సీ స్థానమున మనుష్యుడే నిలిచెను. పేరు తత్సమము గాదు, తద్భవమనవలెను. అక్షరము లొకటి రెండు జాఱినవి. ఇంతకును ఆ కూలిన నౌక పేరు హ్యూగో గెర్న్స్‌బాక్. అమెరికాలో 1926లో కల్పిత విజ్ఞానకథలకై యొక ప్రత్యేక పత్రికను స్థాపించినవాడాయన. అంతకు ముందటి యేడు న్యూయార్కున రేడియో కేంద్రమును గూడ స్థాపించెను గనుక, ఈ ప్రసంగమున ఆయన పేరు చెప్పుట ఉచితమే.

రెండవ భాగముననే నేను తప్పు చెప్పిన పేరొకటి గలదు. హాకింగ్ ఈటా యను గుంపులో చంద్రశేఖర్ అను నక్షత్రమును మనుమడు చూపెను. 'చంద్రుడు శేఖరముగా గలవాడు, శివుడు. బహువ్రీహి సమాస'మని నేను ఉత్సాహముతో చెప్పితిని. సమాసము సరియే; మనిషి తప్పు. నేనే చెప్పిన సూత్రమును నేనే మఱచితిని. ప్రక్కనున్నవారు ష్వార్ట్స్‌షిల్డ్, థార్న్. గుంపు పేరు హాకింగ్. అందఱును కాలబిలములను గూర్చి గణించినవారు. ఆ వరుసలో నిలువదగిన చంద్రశేఖరుడు 1910లో లాహోరున జన్మించిన తమిళుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1930లో ఇంగ్లండునకు ఓడలో బోవుచు, ఇంధనము తీరిన నక్షత్రము ఎంత బరువువఱకు తన్ను దాను నిలుపుకొనగలదో లెక్కవేసెను. సూర్యుని బరువునకు సుమారు 1.4 రెట్లు దాటినచో అది శ్వేతకుబ్జముగా నిలువదని తేలినది. ఆ మాటను అప్పటి పెద్దలు కొందఱు పరిహసించిరి. 1983లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. మనుమడు ఈ కథ విని, ఆట ఆపి, "ఇది మాకు పాఠములో చెప్పిరి తాతయ్యా, ఇతడే అతడని తెలియలేదు" అనెను.

ఇక వాని మొదటి ప్రశ్న. వంశి యను నక్షత్రమున్న గుంపు పేరు ఆర్మ్‌స్ట్రాంగ్. 1969లో చంద్రునిపై మొదట కాలు మోపినవాడు. అందలి తోడి నక్షత్రములు నాలుగు: గగారిన్, గ్రిస్సమ్, తెరెష్కోవా, హాంగ్. గగారిన్ అంతరిక్షమున కేగిన మొదటి పురుషుడు. తెరెష్కోవా 1963లో ఏగిన మొదటి స్త్రీ. గ్రిస్సమ్ 1967లో నౌక నేలపైనుండగనే అగ్నికి బలియైనవాడు. వంశి చుట్టు దిరుగు గ్రహములలో నొకదాని పేరు మాజి. దానికిని మన మాజీ సర్పంచులకును సంబంధము లేదు. స్వాహిలీ భాషలో మాజి యనగా నీరు. వంశము సంస్కృతమున వెదురు. కణుపుమీద కణుపుగా పెరుగుటచే కులపరంపరకును ఆ పేరే చెల్లినది. ఆ వెదురుతో జేసిన పిల్లనగ్రోవి వంశి. దానిని పిల్లలకు పేరుగా పెట్టుకొను అలవాటు మన తెలుగువారిలో విస్తారము. కనుక అది మన పేరే యని మనుమనికి చెప్పితిని.

అంతటితో వాడు తృప్తిపడలేదు. "ఆ వంశి యెవరు?" అనెను. ఆట వెలువడిన 2007 నాటికి రాకేశ్ శర్మ 1984లో అంతరిక్షమున కేగి వచ్చియుండెను గాని, వంశి యనువాడు లేడు. తెలుగుగడ్డపై బుట్టిన శిరీష బండ్ల 2021లోను, గోపీ తోటకూర 2024లోను అంతరిక్షపు అంచు చూచివచ్చిరి. వారి పేరులును ఇవి గావు. సాహచర్యమును బట్టి చూచినచో, గగారిన్, తెరెష్కోవాల సరసన నున్నవాడు వ్యోమయాత్రికుడే కావలెను; జరిగిన చరిత్రలో లేడు; కథ జరుగునది 2183లో. కనుక ఈ వంశి ఇకముందు పుట్టబోవువాడో, పుట్టి యింకను పోనివాడో యగునని నా నిర్ణయము చెప్పితిని.

వాడు కొంతసేపు తెఱవంక చూచి, "మఱి హాంగ్ సంగతి యేమి తాతయ్యా?" యని యడిగెను. హాంగునకును అదే న్యాయమంటిని.