మంచులో తలవంచిన సైన్యం

స్విట్జర్లండులోని లూసర్న్ నగరానికి వెళ్లినవారంతా రాతిలో చెక్కిన సింహాన్ని చూసి, సరస్సులో పడవెక్కి, చాక్లెట్లు కొనుక్కుని తిరిగివస్తారు. మేమూ అలాగే వచ్చేసేవాళ్లం. వాన పట్టుకోవడంవల్ల సింహానికి కూతవేటు దూరంలో వున్న గుండ్రటి భవనంలో తలదాచుకున్నాం. అదే బూర్బాకీ పనోరమా.

"యుద్ధం బొమ్మకు ఇంత టిక్కెట్టా!" అని మా ఆవిడ సణిగింది.

మెట్లెక్కి పైనున్న వేదికమీదికి రాగానే ఇద్దరికీ నోట మాట రాలేదు. ఎటు తిరిగినా మంచే! పది మీటర్ల ఎత్తు, 112 మీటర్ల చుట్టుకొలత గల ఒకే ఒక్క చిత్రం, మొదలూ చివరా లేకుండా మనల్ని చుట్టేసి వుంటుంది. ముందు నిజమైన నేలా, రైలుపెట్టే, మనుషుల బొమ్మలూ అమర్చారు. ఎక్కడ నేల అయిపోయి చిత్రం మొదలయిందో పట్టుకుందామని తెగ చూశాను. నావల్ల కాలేదు.

తీరా చూస్తే ఇందులో యుద్ధం లేదండీ! 1871 ఫిబ్రవరిలో, జర్మనుల చేతిలో ఓడిన ఫ్రెంచి సేన సరిహద్దు దాటి స్విట్జర్లండును శరణు జొచ్చిన ఘట్టమిది. అక్షరాలా 87 వేలమంది! దారి పక్కన తుపాకులు కట్టెలమోపుల్లా పడివున్నాయి. డొక్కలెండిన గుర్రాలు. మంట చుట్టూ మూగిన సిపాయిలు. వాళ్లను ఆదుకునే వూరిజనం. సేనాని బూర్బాకీ అంతకు కొద్దిరోజుల ముందే అవమానం భరించలేక పిస్తోలుతో తలకు కాల్చుకున్నాడు. ప్రాణం దక్కింది గాని, సేనను దాటించే భారం మరొకరి మీద పడింది.

చిత్రకారుడు ఎడ్వార్ కాస్త్ర్ జెనీవావాడు. ఆ చలికాలమంతా రెడ్‌క్రాసు సేవకుడుగా ఆ సేన వెంట నడిచినవాడు. 1881లో, కొందరు చిత్రకారులను తోడు పెట్టుకుని దీన్ని పూర్తిచేశాడు. రెడ్‌క్రాసు బండి పక్కన నడిచే మనిషి తనే! తన కథలో తాను అంత చిన్నగా నిలబడడం నాకెంతో నచ్చింది. 1889లో లూసర్న్ చేరాక చిత్రానికి కష్టాలు తప్పలేదు. భవనంలో మోటారు గారేజీ వెలిసింది. చిత్రం ఎత్తును కూడా కత్తిరించి తగ్గించేశారట!

మా ఆవిడ ఒకచోటే నిలబడిపోయింది.

"మా తాతగారు 1942లో రంగూను నుంచి నడిచొచ్చారు కదండీ. దారిలో ఎవరో ఇంత గంజి పోశారని చివరిదాకా చెప్పేవారు. ఏ వూరో, ఎవరో..."

నేనేమీ అనలేదు. కాసేపటికి తనే కళ్లు తుడుచుకుని, "వాన వెలిసిందేమో చూడండి" అంది. నేను కదలబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"పోనీ, ఇంకోసారి చుట్టూ తిరిగివద్దామా?"