పి.ఎస్.ఎ. పెరిగితే కేన్సరేనా?

గత సంవత్సరం అరవైయారేళ్ళ విశ్రాంత ఉపాధ్యాయులొకరు రక్తపరీక్ష కాగితంతో నా వద్దకు వచ్చారు. అందులో పి.ఎస్.ఎ. 7.2 అనీ, ప్రక్కనే పరిమితి 4 అనీ ఉన్నాయి. మూడు రాత్రులుగా ఆయనకు నిద్ర లేదు. “ఆసుపత్రికి మాత్రం పంపవద్దు, కషాయమేదైనా ఇవ్వండి” అన్నారు.

మూత్రాశయం దిగువన మూత్రనాళాన్ని చుట్టుకొని ఉండే ప్రోస్టేట్ గ్రంథి వయసుతోపాటు పెరగడం సాధారణం. సుశ్రుతుడు మూత్రాశయానికీ, మలమార్గానికీ నడుమ రాయివలె గట్టిపడే గ్రంథిని ‘వాతాష్ఠీల’ అన్నాడు. వైద్యులు నేటి ప్రోస్టేట్ వాపును దానితోనే పోలుస్తారు. ధార సన్నగిల్లడం, రాత్రివేళ పలుమార్లు లేవవలసి రావడం దీని లక్షణాలు.

పి.ఎస్.ఎ. ఈ గ్రంథి తయారుచేసే మాంసకృత్తు. వీర్యాన్ని పలుచన చేయడం దాని పని. అది కొద్దిగా రక్తంలో చేరుతుంది. అంటే అది గ్రంథికి గుర్తేగాని కేన్సరుకు గుర్తు కాదు. గ్రంథి పెరిగినా, చీము పట్టినా, మూత్రం బంధించి గొట్టం వేసినా ఆ అంకె పెరుగుతుంది. 4–10 నానోగ్రాముల మధ్య ఉన్నవారికి ముక్క తీసి పరీక్షిస్తే సుమారు నలుగురిలో ఒకరికి కేన్సరు కనబడుతుంది. నలుగురిలో ఒకరంటే తక్కువేమీ కాదు.

ఉపాధ్యాయులవారికి మూత్రంలో మంట ఉన్న సంగతి నేను అడిగితేగాని బయటపడలేదు. నిపుణునివద్దకు పంపాను. చీము తగ్గాక, ఎనిమిది వారాలకు మరల పరీక్షిస్తే 4.6 వచ్చింది. గ్రంథి వ్రేలికి నునుపుగా తగిలిందట. ఆరు నెలలకు మరల రమ్మన్నారు.

ఆయనను అలా పంపడానికి కారణం ఉంది. చాలా ఏళ్ళ క్రితం మరొకరికి ఏ పరీక్షా లేకుండా ఏడాదిపాటు పల్లేరుకాయల కషాయం ఇచ్చాను. ధార బాగుపడిందని ఆయనా సంతోషించారు, నేనూ సంతోషించాను. తరువాత నడుమునొప్పి వచ్చింది. అప్పటికే కేన్సరు ఎముకకు చేరింది. ఈ కేన్సరు ఎక్కువగా మూత్రనాళానికి దూరంగా, గ్రంథి వెలుపలి భాగంలో పుడుతుంది. కనుక ధార బాగుండడం దేనికీ హామీ కాదు. నాకిది ఆలస్యంగా అర్థమైంది.

ఇప్పుడు పరీక్షలయ్యాకనే పల్లేరు ఇస్తున్నాను. పది గ్రాముల కాయలు నలుగగొట్టి, రెండు గ్లాసుల నీటిలో అర గ్లాసు మిగిలేవరకు కాచి ఉదయం త్రాగాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగనిదే వాడరాదు. రాత్రి పడుకోబోయే ముందు నీరు తగ్గించాలి. జలుబు మాత్రలు కొన్ని మూత్రాన్ని బంధిస్తాయి, జాగ్రత్త.

పరీక్షకు ముందు రెండు రోజులు సంభోగం, సైకిలు త్రొక్కడం మానాలి. ఫినాస్టెరైడ్ మాత్రలు ఆరు నెలలకు మించి వాడుతున్నవారిలో పి.ఎస్.ఎ. దాదాపు సగానికి తగ్గి కనబడుతుంది. 3 వస్తే 6 అనుకోవాలి. ఆ సంగతి పరీక్ష చూసే వైద్యునికి తప్పక చెప్పండి.