32 కేబీ కంప్యూటర్‌లో తెలుగు గేమ్ ఆడొచ్చా? అసలు చిక్కు మెమరీతో కాదు.. మన భాషతోనే!

"మీరు రహమత్ నగర్‌లో ఒక గల్లీ చివర నిలబడి ఉన్నారు. కరెంట్ పోయింది. ఎదురుగా పైకి వెళ్లే మెట్లు. కింది మెట్టు మీద ఒక టార్చిలైట్ ఉంది. ఏం చేస్తారు?"

బొమ్మలు లేవు. మ్యూజిక్ లేదు. స్క్రీన్ మీద ఈ నాలుగు ముక్కలే. "టార్చి తీసుకో" అని టైప్ చేస్తే "టార్చి మీ చేతిలో ఉంది" అని జవాబొస్తుంది. ఇలా మాటలతోనే నడిచే ఆటని టెక్స్ట్ అడ్వెంచర్ అంటారు. పైన ఉన్నది ఉదాహరణకి రాసిన సీన్. మరి ఇలాంటి ఆటని 40 ఏళ్ల కిందటి హోమ్ కంప్యూటర్‌లో, అదీ తెలుగులో ఆడొచ్చా? ఆడొచ్చు. కానీ అందరూ అనుకునే చోట కాదు, వేరే చోట కష్టం ఎదురవుతుంది.

ఇది ఎక్కడ మొదలైంది?

అమెరికాలో విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్ 1970ల మధ్యలో ఒక గుహ చుట్టూ తిరిగే ఆట రాశారు. 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచారు. అదే 'కొలోసల్ కేవ్ అడ్వెంచర్'. అదే ఏడాది ఎంఐటీలో 'జోర్క్' మొదలైంది. 1978లో బ్రిటన్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా 'మడ్' మొదలుపెట్టారు. ఇందులో ఒకేసారి చాలామంది ఒకే కథలోకి దిగొచ్చు. ఆట నడిచేది పెద్ద కంప్యూటర్‌లో. ఆడేవాళ్ల ముందు ఉండేది స్క్రీన్, కీబోర్డు మాత్రమే.

ఆ కాలపు హోమ్ కంప్యూటర్లలో మన దేశానికి బాగా దగ్గరైంది బీబీసీ మైక్రో. ఏకార్న్ కంపెనీ 1981 చివర్లో తెచ్చిన మెషిన్ ఇది. 1984-85లో కేంద్ర ప్రభుత్వం స్కూళ్లలో కంప్యూటర్ పాఠాల కోసం 'క్లాస్' ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు వాడింది దీన్నే. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ సంస్థ దీన్ని 'యూనికార్న్' పేరుతో తయారు చేసింది కూడా. మెమరీ 32 కేబీ. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో ఒక్కటే అంతకంటే పెద్దగా ఉంటుంది.

క్లయింట్ అంటే ఏంటి?

ఫిల్మ్ నగర్ చుట్టుపక్కల ఉండేవాళ్లకి ఇది ఈజీగా అర్థమవుతుంది. తెలుగు రాని ఆర్టిస్టుకి సెట్‌లో ప్రాంప్టింగ్ చెబుతారు కదా! డైలాగ్ వెనక నుంచి ఒకరు అందిస్తారు, కెమెరా ముందు ఆర్టిస్ట్ పలుకుతారు. ఇక్కడా అంతే. కథ, రూల్స్, తెలుగు అన్నీ సర్వర్‌కి తెలుసు. పాత కంప్యూటర్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్ దాన్ని పలికిస్తుంది. ఆ ప్రోగ్రామే క్లయింట్.

క్లయింట్ చేసే పనులు రెండే. సర్వర్ నుంచి ఏదైనా వస్తే స్క్రీన్ మీద వెయ్యాలి. కీబోర్డు మీద ఏదైనా కొడితే సర్వర్‌కి పంపాలి. ఈ రెండూ ఆగకుండా తిరుగుతూ ఉండాలి. బీబీసీ మైక్రోలో ఉన్న బేసిక్ లాంగ్వేజ్‌లోనే అసెంబ్లర్ కూడా ఉంటుంది. అందుకే అక్షరాలు గీసే భాగాన్ని స్పీడ్ కోసం అసెంబ్లీలో, మిగతాదంతా బేసిక్‌లో రాసుకోవచ్చు.

మరి ఇంటర్నెట్ ఎలా? మెషిన్ వెనకాల సీరియల్ పోర్టు ఉంది. ఈఎస్‌పీ8266 అనే చిన్న వైఫై చిప్‌తో చేసిన బోర్డుని అక్కడ కలిపితే అది పాత మోడెమ్‌లా పనిచేస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఆ చిప్ నడిచేది 3.3 వోల్టుల మీద, పోర్టు వోల్టేజీ వేరు. మధ్యలో లెవెల్ కన్వర్టర్ లేకుండా నేరుగా కలిపితే చిప్ కాలిపోవచ్చు.

తెలుగు అక్షరాలు పడతాయా?

ఇక్కడ చిన్న లెక్క. బీబీసీ మైక్రోలో మోడ్ 4 అనే స్క్రీన్ అడ్డంగా 320, నిలువుగా 256 చుక్కలు చూపిస్తుంది. అది తినే మెమరీ 10 కేబీ. సిస్టమ్ సొంత అవసరాలకి ఇంకో మూడున్నర కేబీ పోతుంది. ప్రోగ్రామర్‌కి మిగిలేది పద్దెనిమిదిన్నర కేబీ.

ఇంగ్లిష్ అక్షరానికి 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు సరిపోతుంది. పైన గుడి, కింద వత్తు ఉండే తెలుగుకి అది చాలదు. 16 చుక్కల వెడల్పు, 24 చుక్కల ఎత్తు ఇద్దాం. అప్పుడు లైనుకి 20 గళ్లు, స్క్రీన్‌కి 10 లైన్లు వస్తాయి. దారులు రెండు ఉన్నాయి.

మొదటిది: సర్వరే ప్రతి లైన్నీ బొమ్మగా గీసి పంపడం. ఒక లైను 960 బైట్లు అవుతుంది. 9600 బాడ్ స్పీడులో సెకనుకి వెళ్లేవి కూడా 960 బైట్లే. అంటే లైనుకి ఒక సెకను. మొత్తం స్క్రీన్ నిండటానికి 10 సెకన్లు. పనవుతుంది కానీ నిదానం.

రెండోది: అక్షరాలు, గుణింతపు గుర్తులు, వత్తులు విడివిడి ముక్కలుగా క్లయింట్‌లోనే దాచుకోవడం. 200 ముక్కలు అనుకుంటే, ఒక్కోటి 48 బైట్లు చొప్పున సుమారు తొమ్మిదిన్నర కేబీ. ఇంకా తొమ్మిది కేబీ ప్రోగ్రామ్‌కి మిగులుతుంది! సర్వర్ ఇక ముక్కల నంబర్లు పంపితే చాలు. యూనికోడ్‌లో 'స్త్రీ' అనే మాటకి ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో 18 బైట్లు కావాలి. ఈ పద్ధతిలో 'స' ముక్క, గుడిదీర్ఘం, త వత్తు, ర వత్తు.. మొత్తం నాలుగు బైట్లు. ఒకదాని మీద ఒకటి గీస్తే అక్షరం తయార్.

అంటే తెలుగు చూపించడానికి 32 కేబీ సరిపోతుంది.

టైప్ చేయడం ఎలా?

కీబోర్డు మీద తెలుగు లేదు. దీనికి జవాబు అమెరికాలోని తెలుగువాళ్లు ఎప్పుడో ఇచ్చారు. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ 1990ల మొదట్లో ఆర్‌టీఎస్ పద్ధతి తయారు చేశారు. ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగు రాసే పద్ధతి ఇది. చిన్న డి కొడితే 'ద', పెద్ద డి కొడితే 'డ'. చిన్న టీ అయితే 'త', పెద్దదైతే 'ట'. ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు రాబట్టుకునేవాళ్లకి ఈ లెక్క కొత్త కాదు.

క్లయింట్ ఆ ఇంగ్లిష్ అక్షరాలని అలాగే పంపేస్తుంది. తెలుగులోకి మార్చే పని సర్వర్‌ది. బీబీసీ మైక్రోకి చిన్న, పెద్ద అక్షరాలు రెండూ ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. మొదటి యాపిల్ 2, టీఆర్‌ఎస్-80 మోడల్ 1 లాంటి మెషిన్లలో ఉన్నవి పెద్ద అక్షరాలే. వాటిలో 'త', 'ట' తేడా చూపించాలంటే వేరే గుర్తు ఏదైనా పెట్టుకోవాలి.

అసలు చిక్కు ఇక్కడే

ఇంగ్లిష్ ఆటల్లో ఆజ్ఞ అంటే సాధారణంగా రెండు మాటలు. ముందు చేసే పని, తర్వాత వస్తువు. 'కొలోసల్ కేవ్' అయితే ప్రతి మాటలో మొదటి ఐదు అక్షరాలే చూసేది. తెలుగులో క్రియ మామూలుగా చివర వస్తుంది. "టార్చి తీసుకో" అనొచ్చు, "తీసుకో ఆ టార్చి" అన్నా తప్పు కాదు. కాబట్టి మొదటి మాటే క్రియ అనుకునే ప్రోగ్రామ్ ఇక్కడ ఫెయిల్. చివరి నుంచి వెతుక్కుంటూ రావాలి.

తర్వాత విభక్తులు. 'టార్చి', 'టార్చిని', 'టార్చితో'.. ఇక్కడ మొదటి భాగం చూస్తే సరిపోతుంది. కానీ 'ఇల్లు'? "ఇంట్లోకి వెళ్లు", "ఇంటికి పో" అంటాం. 'ఇల్లు'లో మిగిలింది 'ఇ' ఒక్కటే! 'నుయ్యి' కాస్తా 'నూతిలో' అవుతుంది. 'చెయ్యి' 'చేతిలో' అవుతుంది. వీటికి చిన్నయసూరి 19వ శతాబ్దంలోనే బాలవ్యాకరణంలో లెక్క కట్టి పెట్టారు. ఔపవిభక్తికాలు అని స్కూల్లో బట్టీ పట్టింది ఇవే. ప్రోగ్రామర్ చేయాల్సింది సింపుల్. ఇలాంటి ప్రతి వస్తువుకీ రెండు రూపాలూ పట్టికలో రాయాలి. ఇల్లు, ఇంటి. నుయ్యి, నూతి. ఈ పట్టిక సర్వర్‌లో ఉంటుంది కాబట్టి పాత మెషిన్ మీద భారం పడదు.

ఎవరి తెలుగు?

పెద్ద ప్రశ్న ఇది. ఆటలో "వెతుకు" అనే మాటే పెట్టారనుకుందాం. రహమత్ నగర్ పిల్లాడు "దేవులాడు" అని కొడితే మెషిన్ ఏమంటుంది? "నాకు అర్థం కాలేదు" అంటుంది. ఆ పిల్లాడు కొట్టింది తప్పు కాదు. పట్టిక రాసినవాళ్లకి ఆ మాట గుర్తు రాలేదు, అంతే. "తీసుకో", "తీస్కో", "తీసుకోండి" మూడూ ఒకే పని చేయాలి. ఏ యాస ఎవరి నోట పెట్టాలన్న చర్చ సినిమా డైలాగుల్లో ఎప్పటి నుంచో ఉంది. ఇక్కడ ఆ చర్చ ఇంకా సూటిగా ఉంటుంది. పట్టికలో మాట లేకపోతే ఆ మనిషికి ఆటలో తలుపు తెరుచుకోదు.

ఒక్కో మాటకి పట్టికలో ఒక వరస. అయ్యే ఖర్చు అంతే. రాసేవాళ్లు నాలుగు ఇళ్లలో మాట్లాడే తెలుగు వినాలి.

మొదలుపెట్టాలంటే..

పాత మెషిన్ కొనాల్సిన పని లేదు. బీబీసీ మైక్రోని బ్రౌజర్‌లోనే నడిపే 'జేఎస్‌బీబ్' అనే ఎమ్యులేటర్ ఉంది. ముందు అందులో ఒక్క తెలుగు అక్షరం గీసి చూడండి. తర్వాత కాగితం మీద మూడు చోట్లు, రెండు వస్తువులు, ఐదు క్రియలతో చిన్న కథ రాయండి. ఆ కథని ఇంట్లో అమ్మమ్మకి చదివి "ఇప్పుడు ఏం చేస్తావ్?" అని అడగండి. ఆమె చెప్పే జవాబులో మీ పట్టికలో లేని మాట ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి. ముందు రాయాల్సిన కోడ్ అదే.