గోడ లేవకముందే వెలిగిన దీపము

ఇల్లు కట్టదలచినవాని చేతికి వచ్చు పటములలో విద్యుత్ పటమొకటి. గదులు, గుమ్మములు అతనికి వెంటనే తెలియును. వానిపై చల్లినట్లున్న వృత్తములు, అర్ధవృత్తములు, వంకర గీతలు మాత్రము అయోమయముగా నుండును. ‘అదంతా మేస్త్రి చూచుకొనునులే’ యని మడిచి పెట్టును. గృహప్రవేశమైన పిదప తలుపు వెనుక స్విచ్చి, బీరువా వెనుక ప్లగ్గు వచ్చినవని విచారించును.

నిజమునకు ఈ లిపి కఠినమైనది కాదు. గురులఘువుల గుర్తులు నేర్చిన విద్యార్థికి ఇది ఒక పూట పని. 1906లో లండనున ఏర్పడిన అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము వారి పద్ధతిలో, వృత్తమున ఇంటూ గుర్తు వేసినచో దీపము. చిన్న వృత్తము నుండి ఏటవాలుగా లేచిన గీత స్విచ్చి. అర్ధవృత్తము ప్లగ్గు సాకెట్టు. దాని వీపున అడ్డగీత యున్నచో ఎర్తు కలిగిన సాకెట్టు. ఈ అడ్డగీతను చిన్నచూపు చూడరాదు. ఇస్త్రీపెట్టెలో తీగ తెగి లోహపు తొడుగును తాకినప్పుడు, ప్రవాహమునకు మనిషి దేహము గాక వేరొక దారి చూపునది ఎర్తు తీగయే. ఒక్క గీత మరచిన పటము ఒక ప్రాణమునకు ముప్పు తేగలదు.

మెట్ల దీపము సంగతి ముచ్చటైనది. క్రింద వెలిగించి పైన ఆర్పుటకు రెండు స్విచ్చులు కావలెను. మనము దానిని టూ-వే స్విచ్చి అందుము. అమెరికావారు దాని మూడు కొసలను లెక్కించి త్రీ-వే అందురు. పటములో ఎస్ అను అక్షరము ప్రక్కన 3 వేయుదురు. అచట ఇల్లు కట్టించుకొను తెలుగువాడు ఆ అంకెను చూచి, మూడు చోట్ల నుండి దీపము వెలుగునని భ్రమపడవచ్చును. మూడవ చోటు కావలెనన్నచో నడుమ మరియొక రకపు స్విచ్చి యుండవలెను. దానికి వారి అంకె 4!

స్విచ్చి నుండి దీపమునకు తునకలు తునకలుగా సాగు వంపుగీత ఏ స్విచ్చి ఏ దీపముదో తెలుపును గాని, తీగ పోయిన దారిని తెలుపదు. దేవుని పటము తగిలించుటకు మేకు కొట్టువారు ఆ గీతను నమ్మరాదు. గోడలోని పైపు సాధారణముగా స్విచ్చి పెట్టెకు సూటిగా పైకి గాని క్రిందికి గాని పోవును. గోడకు పూత పూయకముందే ఫోటో తీసి పటముతో దాచుకొన్నవారు వివేకులు.

మన దేశమున ఈ గుర్తులకు ప్రమాణము ఏర్పడినది. అయినను ఫ్యాను వంటివానికి పటము గీచువారు తమకు తోచిన గుర్తులు వేయుట కద్దు. కనుక మొదట చదువవలసినది పటము మూలనుండు గుర్తుల పట్టిక.

ఒక ఫ్యాను కొరకు నాలుగు స్విచ్చులు నొక్కి చూచు తరగతులు బడులలో నెన్నో! ఉపాధ్యాయుడు పిల్లలచే ఆ గది పటము గీయించి, ఈ గుర్తులతో నింపించి, స్విచ్చి బోర్డు ప్రక్కన అంటించవచ్చును.