పిల్లల మనసునకు తోడు: వర్తకుల ధనము, సేవాసంఘముల శ్రమ

చిలుకూరు, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో యాసంగి ధాన్యము మిల్లులకు చేరు దినములలోనే ఇంటింటను మరియొక ఎదురుచూపు ఉండును. అది పరీక్షాఫలితముల కొరకు. ధాన్యమునకు ధర తగ్గినచో పెద్దలు నలుగురిలో కూర్చుండి చెప్పుకొందురు. మార్కులు తగ్గిన పిల్లవాడు ఎవరితో చెప్పుకొనును?

ఈ ప్రశ్న చిన్నది కాదు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన పిమ్మట తెలంగాణలో 20 మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరని పత్రికలు ప్రకటించినవి. 2022లో దేశమంతట 13,044 మంది విద్యార్థులు అట్లే మరణించిరని జాతీయ నేర గణాంకములు తెలుపుచున్నవి. వీటికన్నిటికి పరీక్షయే కారణమనుట సరికాదు. ఇంటి కలహములు, అప్పులు, వ్యాధి, ఒంటరితనము మొదలగునవి కలిసి మనసును క్రుంగదీయును. 2015-16లో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ జరిపిన సర్వే ప్రకారము 13 మొదలు 17 ఏండ్లలోపు వారిలో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసికవ్యాధి కలదు. అనగా ఏబదిమంది గల తరగతిలో ముగ్గురో నలుగురో అట్టివారుందురన్నమాట.

వీరికి మొదట కావలసినది ఓపికతో వినువారు. 1953లో లండనులో చాడ్ వారా అను మతాచార్యుడు ఈ భావముతోనే ఒక సేవను ప్రారంభించెను. మన దేశమున 1986లో డాక్టరు లక్ష్మీ విజయకుమార్ మదరాసులో ‘స్నేహ’ను స్థాపించిరి. 1997 నుండి హైదరాబాదులో ‘రోష్ని’ సేవ నడచుచున్నది. ఇందలి స్వచ్ఛందసేవకులు టెలిఫోనులో ఎదుటివారి బాధను విందురు, తప్పుపట్టరు, విన్న మాటను బయటపెట్టరు.

సేవకులు జీతము కోరకపోయినను, గదికి అద్దె, టెలిఫోను ఖర్చు, శిక్షణ తప్పవు. ఇచ్చటనే వ్యాపారసంస్థల సహాయము అవసరమగుచున్నది. 2012లో బొంబాయి టాటా సమాజవిజ్ఞానసంస్థ ప్రారంభించిన ‘ఐకాల్’ అను టెలిఫోను సేవకు, మారికో అధిపతి హర్ష్ మారివాలా నెలకొల్పిన ధర్మసంస్థ ధనసహాయము చేసినది. పని తెలిసినవారు పని చేసిరి. ధనము గలవారు దానిని నిలబెట్టిరి.

మన చట్టము కూడ ఇందుకు త్రోవ చూపినది. 2013 కంపెనీల చట్టము 135వ సెక్షను ప్రకారము, ఏడాదికి 5 కోట్ల రూపాయల నికరలాభము గల కంపెనీ గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి 2 వంతులు సమాజసేవకు వినియోగింపవలెను. తన కర్మాగారపు పరిసర గ్రామములకు మొదటి స్థానమీయవలెను. సొంత ఉద్యోగుల మేలునకు మాత్రమే చేసినదిగాని, సరకుల ప్రచారమునకై ఇచ్చినదిగాని ఈ లెక్కకు రాదు. హుజూర్‌నగరు ప్రాంతపు సిమెంటు కర్మాగారములకు చిలుకూరు పొరుగూరే. చిన్న మిల్లులకు ఈ నిర్బంధము లేదు. కాని పదిమంది మిల్లుదారులు కూడినచో ఒక పాఠశాలకు శిక్షితుడైన సలహాదారును ఏర్పాటు చేయుట అసాధ్యము కాదు.

అయితే మూడు నియమములు తప్పనిసరియని మా అభిప్రాయము. సహాయము ఒకనాటి సభతో, పూలదండలతో ముగియరాదు. కనీసము మూడేండ్లు సాగవలెను. పిల్లలు చెప్పుకొన్న రహస్యము దాతకుగాని, ప్రధానోపాధ్యాయునికిగాని చేరరాదు. ప్రాణాపాయమున్నప్పుడు మాత్రము రక్షింపగలవారికి తెలుపవలెను. వ్యాధి ముదిరినవారిని వైద్యునికడకు పంపు మార్గము ముందుగనే ఏర్పడియుండవలెను. ఈ మూడును లేనిచోట దానము దాతకు పేరు తెచ్చునేగాని బిడ్డకు ధైర్యమీయదు.

సాగరమున నీరు నిండినంతమాత్రమున చిలుకూరు మడి తడవదు. ఎడమకాలువ ఉండవలెను, తూము తెరవవలెను. వర్తకుల ధనమునకు సేవాసంఘములే ఆ కాలువ. ఇక తూము తెరవవలసినది ఇంటివారే. బిడ్డ మౌనముగ నున్నప్పుడు మార్కులడుగుట మాని, ప్రక్కన కూర్చుండి, చెప్పినంతవరకు వినుడు. అవసరమైనచో 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ‘టెలి మానస్’కు 14416 సంఖ్యపై రాత్రింబవళ్ళు ఏ వేళనైనను, ఖర్చు లేకుండ, తెలుగులోనే మాటలాడవచ్చును. ఈ సంఖ్యను రేడియో ప్రక్కనున్న గోడపై వ్రాసియుంచుడని మా మనవి.